టగాలొగ్‌లో ‘ముక్‌హ’: పలకడం ఎలా, పుట్టుక వెతకడం ఎలా

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ముఖాన్ని ఏమంటారో కాగితం మీద రాసి చూపిస్తే తెలుగువాళ్ళకి అనువాదం అక్కర్లేదు. ఎం, యు, కె, హెచ్, ఎ. మన ముఖమే! కానీ తెలిసిన మాటే కదా అని ‘ముఖ’ అనేస్తే అది మనీలావాళ్ళ భాష అయిన టగాలొగ్ మాట కాదు. ఆ భాషలో ఖ అనే ధ్వనే లేదు. పైగా ఆ మాట చివర గొంతులో ఒక చిన్న ఆపు ఉంటుంది, అది రోజువారీ రాతలో కనబడదు.

ఇలాంటి మాట దొరికినప్పుడు చాలామంది నేరుగా మూలం దగ్గరికి వెళ్ళిపోతారు. ‘సంస్కృతం నుంచి వచ్చింది’ అని ఒక వాక్యంలో తేల్చేసి తృప్తిపడతారు. నా మటుకు ఆ వరస తలకిందులు. ముందు ఆ మాటని అక్కడివాళ్ళు పలికినట్టు పలకడం నేర్చుకోవాలి. ఎందుకంటే అది ఏ దారిన వచ్చిందో చెప్పే ఆధారాల్లో సగం పలుకులోనే ఉన్నాయి. అందుకే ఈ మార్గదర్శిలో పలకడం ముందు, పుట్టుక తరవాత.

మొదటి మెట్టు: తెలుగులో రాసుకునే పద్ధతి

టగాలొగ్‌లో ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు, మారితే అర్థం మారిపోతుంది. మామూలు రాతలో మాత్రం ఊనిక గుర్తులు పెట్టరు, నిఘంటువుల్లోనే ఉంటాయి. ఇక్కడ మన లిపి చాలా పనికొస్తుంది. టగాలొగ్‌లో చివరి అక్షరానికి ముందున్న అచ్చు మీద ఊనిక పడితే ఆ అచ్చు సాగుతుంది, మన దీర్ఘంలాగే. చివరి అక్షరం మీద పడితే సాగదు, గట్టిగా పలుకుతారంతే. కాబట్టి రెండక్షరాల మాటకి ఒకే నియమం పెట్టుకుంటే చాలు. దీర్ఘం ఉంటే ఊనిక అక్కడ, దీర్ఘం లేకపోతే ఊనిక చివర. గొంతు ఆపు ఉన్నచోట ఈ గుర్తు పెడదాం: ’

ఇక ఈ జంటలు పైకి చదవండి. ఒక్కో జంటకీ ఇంగ్లిష్ అక్షరాల్లో స్పెల్లింగ్ ఒకటే.

ఆసొ అంటే కుక్క. అసొ అంటే పొగ.
బాస అంటే చదవడం. బస’ అంటే తడిసినది.
ఊపొ అంటే సొరకాయ. ఉపొ’ అంటే కూర్చోవడం.
సూక అంటే వాంతి. సూక’ అంటే వెనిగర్.

చివరి జంటని కాస్త ఎక్కువసేపు పలకండి. రెండింట్లోనూ దీర్ఘం ఒకేచోట ఉంది. తేడా అంతా చివరి గొంతు ఆపులోనే. భోజనాల బల్ల దగ్గర వెనిగర్ అడగాల్సినవాళ్ళకి ఈ ఒక్క ఆపు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

ఈ నాలుగు రకాల మాటలకీ ఫిలిపినో (టగాలొగ్ ఆధారంగా ఏర్పడ్డ ఆ దేశపు జాతీయ భాష) వ్యాకరణంలో పేర్లున్నాయి: మలూమయ్, మలూమి’, మబిలిస్, మరగ్స’. చివర ఊనికా, దానితోపాటు గొంతు ఆపూ ఉంటే మరగ్స’. మన మాట ఆ జాతిదే. నిఘంటువులో దాని చివరి అచ్చు మీద ‘పకుప్య’ అనే గుర్తు ఉంటుంది. రెండు గీతలు పైన కలిసి, కింద విడిపోయి ఉంటుంది ఆ గుర్తు. అది కనబడిందంటే రెండు పనులు ఒకేసారి చేయాలి: చివర ఊనాలి, గొంతు మూయాలి.

రెండో మెట్టు: ముక్‌ + హ + ’

మాటని మూడుగా విడగొట్టుకుందాం.

మొదటి ముక్క ‘ముక్‌’. ఇందులో క మామూలు క. గాలి వదలకూడదు. ఇక్కడ మనకో సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు మాట మొదట్లో కె అక్షరాన్ని గాలితో కలిపి పలుకుతారు. మనకి క, ఖ చిన్నప్పటి నుంచీ వేరు కాబట్టి గాలి లేని క కోసం కష్టపడనక్కర్లేదు.

రెండో ముక్క ‘హ’. ఇది వేరే అక్షరం, ముందున్న క్‌కి తోక కాదు. ‘బ్యాంక్ హాలిడే’ అని గబగబా అనండి. క్ దగ్గర ఒక అక్షరం ముగిసింది, హ దగ్గర ఇంకోటి మొదలైంది. మీ నోరు ఆ రెండింటి మధ్య చేసిన పనే ఇక్కడా కావాలి. ‘బ్యాంఖాలిడే’ అని కలిపేస్తే మళ్ళీ ఖ వచ్చేస్తుంది. ముక్‌, హ. ముక్‌హ. ఊనిక హ మీద, కానీ దీర్ఘం వద్దు. ‘ముక్‌హా’ అని సాగదీస్తే చివరి ఆపుకి చోటు ఉండదు.

మూడోది ఆపు. దీన్ని తెలుగులో రాయడానికి అక్షరం లేదు గానీ, చేయడం మనందరికీ వచ్చు. పసిపిల్లాడు పొయ్యి వైపు పాకుతుంటే ‘ఆ! ఆ!’ అంటాం కదా. ఒక ఆకి ఇంకో ఆకి మధ్య గొంతు టక్కున మూసుకుంటుంది. మొదటి ‘ఆ’ అని, గొంతు మూసుకున్న దగ్గరే ఆగిపోండి, రెండోది అనకండి. అదే ఆపు. ఇప్పుడు దాన్ని ‘ముక్‌హ’ చివర పెట్టండి: ముక్‌హ’.

ఇందాకటి ఊపొ, ఉపొ’ కూడా కలిపి ఒకదాని తరవాత ఒకటి కాసేపు పలకండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే ఆపు పడుతోందో లేదో మీకే తెలుస్తుంది. ఆపు పడితే మాట ఠక్కున తెగుతుంది, పడకపోతే గాలితో జారిపోతుంది.

మూడో మెట్టు: వాక్యంలో

మాట ఒంటరిగా ఉన్నప్పుడు, వాక్యం చివర ఉన్నప్పుడు ఆపు స్పష్టంగా వినిపిస్తుంది. వాక్యం మధ్యలోకి వస్తే మనీలా పలుకులో ఆపు తరచుగా పోయి అచ్చు సాగుతుంది. ‘నా ముఖం’ అనడానికి ‘ముక్‌హా కొ’ అని వినిపిస్తుంది. ఇది తప్పు పలుకు కాదు, అక్కడి సహజమైన పలుకు.

రెండో మార్పు ఇంకా ముఖ్యం. టగాలొగ్‌లో మాటల్ని ముడివేసే ‘ఙ్’ ఒకటుంది. అది తగిలినప్పుడు ఆపు పోయి ‘ముక్‌హఙ్’ అవుతుంది. ఙ అనగానే ఎప్పుడూ వాడని అక్షరం అనుకోకండి, ‘వాఙ్మయం’లో ఉన్న ధ్వనే. చివర గ్ వినిపించకూడదు. ‘ముక్‌హంగ్’ అని గ్‌తో ముగించడం మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

ఈ ‘ముక్‌హఙ్’ మాట అక్కడ రోజంతా వినిపిస్తుంది, ఎందుకంటే దానికి ‘చూడబోతే అలా ఉంది’ అనే అర్థం వచ్చింది. ‘ముక్‌హఙ్ ఊఉలన్’ అంటే వానొచ్చేలా ఉంది. ‘ముక్‌హఙ్ మసరప్’ అంటే రుచిగా ఉండేట్టుంది. వాన మొహం, వంట మొహం! చాటింగుల్లో హెచ్ వదిలేసి ‘ముకఙ్’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. గబగబా మాట్లాడేటప్పుడు హ పలచబడుతుంది మరి. వినడం కోసం ఇది తెలిసుంటే చాలు. నేర్చుకునేవాళ్ళు మాత్రం హని పూర్తిగా పలకడమే మంచిది.

దీని చుట్టూ అల్లుకున్న పలుకుబళ్ళు వింటే మనసు పొంగిపోతుంది. ‘మకపల్ అఙ్ ముక్‌హ’’ అంటే ముఖం మందం, అంటే సిగ్గులేనివాడు. ‘ముక్‌హఙ్ పేర’ అంటే డబ్బు ముఖం, డబ్బు తప్ప ఇంకేమీ కనబడని మనిషి. పరువు పోయినవాళ్ళు చూపించుకోవడానికి ముఖం లేదంటారు అక్కడ. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అంటాం మనం.

ఒకటికంటే ఎక్కువ ముఖాలు ఉంటే ముందు బహువచనం మాట వస్తుంది. దాన్ని ఎం, జి, ఎ అని మూడే అక్షరాల్లో రాస్తారు గానీ ‘మఙ’ అని చదవాలి, ఊనిక చివర. స్పెల్లింగ్ చూసి ‘మ్‌గ’ అంటే ఎవరికీ అర్థం కాదు.

నాలుగో మెట్టు: ఇంటి మాటా, వలస మాటా?

ఇప్పుడు పుట్టుక. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే కావాలి: ఈ మాట ఆ భాషలోనే పుట్టి పెరిగిందా, బయటి నుంచి వచ్చిందా?

టగాలొగ్ ఆస్ట్రొనేషియన్ కుటుంబానికి చెందిన భాష. ఈ కుటుంబం పడమట మడగాస్కర్ నుంచి తూర్పున ఈస్టర్ ద్వీపం దాకా పరుచుకుని ఉంది. ఇంటి మాట అయితే దూరపు చుట్టాల దగ్గర కూడా ఏదో ఒక రూపంలో దొరకాలి. కన్ను తీసుకోండి. టగాలొగ్‌లో మత, మలయ్‌లో మత, హవాయి భాషలో మక, మలగాసీలో మాసొ. తరతరాల ఆస్తి అని చూడగానే తెలుస్తోంది. నాలుక కూడా అంతే, టగాలొగ్‌లో దీల’, మలయ్‌లో అక్షరాలు తారుమారై లిదహ్. చెవి, ముక్కు కూడా ఇంటి మాటలే.

ముక్‌హ’ మాత్రం అలా కాదు. మలయ్‌లో ‘ముక’ ఉంది, జావా భాషలో కనబడుతుంది. భారతదేశంతో వ్యాపారం నడిచిన ప్రాంతాల్లో దొరుకుతుంది. దూరాన పసిఫిక్ దీవుల్లో దొరకదు. కళ్ళూ ముక్కూ చెవులూ సొంతం, వాటన్నిటినీ కలిపి చెప్పే పేరు వలస వచ్చింది! ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ మాట వెనక పడొచ్చనిపిస్తుంది నాకు.

ఈ పోలిక చూసుకోవడానికి రాబర్ట్ బ్లస్ట్, స్టీఫెన్ ట్రసెల్ కూర్చిన ఆస్ట్రొనేషియన్ తులనాత్మక నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఇంటి మాటలకి అది పునాది. అరువు మాటలకి అందులో విడిగా ఒక భాగం ఉంది, అది కూడా తెరిచి చూడాలి.

ఈ మెట్టు దగ్గర ఒక హెచ్చరిక. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు. టగాలొగ్‌లో ‘అమ’ అంటే నాన్న. అది పాత ఆస్ట్రొనేషియన్ మాట, మన అమ్మకీ దానికీ సంబంధం లేదు. ఒక్క మాట పోలికతో వంతెన కట్టకూడదు. వరసగా నాలుగైదు మాటల్లో ఒకే రకం మార్పు కనబడితేనే నమ్మాలి. అలాంటి వరస కింద చూపిస్తాను.

ఐదో మెట్టు: ఏ దారిన వచ్చింది?

సంస్కృత ముఖ మూలమని పండితుల్లో పేచీ లేదు. ఫిలిప్పీన్స్ పండితుడు త్రినిదాద్ పార్దొ దె తవేరా 1887లోనే టగాలొగ్‌లోని సంస్కృత పదాల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. తేల్చాల్సింది దారి.

ఇందాక నేర్చుకున్న పలుకు ఇక్కడే పనికొస్తుంది. ఈ ఐదు మాటలు పైకి చదవండి:

ముక్‌హ’ అంటే ముఖం. సంస్కృతంలో ముఖ.
దుక్‌హ’ అంటే కటిక పేద. సంస్కృతంలో దుఃఖ.
లిక్‌హ’ అంటే సృష్టి. సంస్కృతంలో లేఖ.
కత్‌హ’ అంటే కల్పించి రాసినది. సంస్కృతంలో కథా.
బుద్‌హి’ అంటే అంతరాత్మ. సంస్కృతంలో బుద్ధి, బోధి.

అన్నిట్లోనూ ఒకటే నడక. మహాప్రాణం, అంటే ఖ, థ, ధ లాంటి గాలితో కలిసిన హల్లు, రెండుగా చీలింది. ముందు సగం మొదటి అక్షరానికి తాళం వేసింది, హ రెండో అక్షరమైంది, చివర గొంతు ఆపు చేరింది. ఇది కాకతాళీయం కాదు. గాలితో కలిసిన హల్లులు లేని భాష వాటిని ఎలా అరిగించుకుందో చెప్పే సూత్రం ఇది.

ఇవే మాటలు నేటి మలయ్‌లో చూడండి: ముక, దుక, కత, బుది. హ మాయమైంది. టగాలొగ్‌లో నిలిచింది. వ్యాపార భాషగా మలయ్ ఈ మాటల్ని మోసుకొచ్చిందన్నది బలమైన అభిప్రాయం. 1521లో మెగెల్లాన్ ఓడలు ఫిలిప్పీన్స్ చేరినప్పుడు ఆయన వెంట ఉన్న బానిస ఎన్రీకె మలయ్‌లో మాట్లాడితే అక్కడి రాజుకి అర్థమైందని, ఆ ఓడలోనే ఉన్న పిగఫెట్టా రాసిపెట్టాడు. అయితే టగాలొగ్‌లో హ ఉందంటే, హ ఇంకా పలుకుతున్న కాలపు మలయ్ నుంచో, హని నిలుపుకున్న ప్రాచీన జావా రూపం నుంచో ఈ మాటలు వచ్చి ఉండాలని నా ఊహ. ‘ముఖ’ అని కలిపి పలికేవాడికి ఈ ఆనవాలు చెవిన పడే అవకాశమే లేదు.

మన ఊళ్ళలో ఏం జరిగిందో కూడా పక్కన పెట్టి చూడండి. మొకం అన్నచోట క మిగిలింది. మొహం అన్నచోట హ మిగిలింది. టగాలొగ్‌లో రెండూ మిగిలాయి, కాకపోతే విడివిడిగా.

ఇది తెలుగు నుంచి ఫిలిప్పీన్స్‌కి వెళ్ళిన మాట అని మాత్రం అనకూడదు. ముఖం మనకీ తత్సమమే. మన ‘మొగం’ సంగతి వేరు. తమిళ ముకంతో కలిపి చూసి, అసలు సంస్కృత ముఖ శబ్దమే ద్రావిడ భాషల నుంచి వెళ్ళిందని టి. బరో వంటి భాషావేత్తలు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. ఆ వాదం నిలిచినా నిలవకపోయినా సముద్రం దాటిన రూపం మాత్రం సంస్కృతానిదే. దానికి ఆ హ ఒక్కటే సాక్ష్యం చాలు.

ఆరో మెట్టు: రాతలో ఆధారం

మాటల పోలికకి కాలం తెలియదు. దానికి రాత కావాలి.

1989లో లగూనా రాష్ట్రంలో లుంబాఙ్ నది దగ్గర ఇసుక తీస్తుంటే ఒక రాగిరేకు దొరికింది. ఫిలిప్పీన్స్‌లో ఇప్పటిదాకా దొరికిన, తేదీ ఉన్న పత్రాల్లో అదే అతి పాతది. పది పంక్తులు, ‘కవి’ అనే పాత జావా లిపి, ప్రధానంగా పాత మలయ్ భాష. నమ్వరన్ అనే ఆయన కుటుంబానికి బంగారం అప్పు తీరిపోయిందని ఇచ్చిన పత్రం అది. డచ్ దేశస్థుడు ఆంటన్ పోస్ట్‌మా దాన్ని చదివాడు. అది మొదలయ్యే తీరు చూడండి. స్వస్తి అని మొదలుపెట్టి శకవర్షం 822, వైశాఖ మాసం, చతుర్థి, కృష్ణపక్షం, సోమవారం అని రాసి ఉంది. పంచాంగం తెలిసిన తెలుగువాళ్ళెవరైనా ఆ తేదీని అనువాదం లేకుండా చదవగలరు. ఇంగ్లిష్ లెక్కలో అది సామాన్య శకం 900, ఏప్రిల్ 21. ప్రస్తుతం మనీలాలోని జాతీయ మ్యూజియంలో ఉంది.

ఈ రేకు మన ఒక్క మాటకి సాక్ష్యం అని కాదు. పాత మలయ్ మీదెక్కి సంస్కృతం ఆ నదీతీరానికి వెయ్యేళ్ళ కిందటే చేరిందని చెప్పే సాక్ష్యం. ఐదో మెట్టులో చెప్పిన దారికి ఇది మైలురాయి.

తరవాత స్పానిష్ ఫాదర్ల నిఘంటువులు. పెద్రొ దె సాన్ బ్వేనవెంతూరా టగాలొగ్ పదకోశం 1613లో లగూనాలోని పీలాలో అచ్చయింది. నొసేదా, సాన్‌లూకర్‌ల నిఘంటువు 1754లో వచ్చింది, 1860లో మళ్ళీ అచ్చువేశారు. వీటిలో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అప్పటి స్పానిష్ రాతలో క ధ్వనికి సి అక్షరం వాడేవాళ్ళు. ఉ, ఒ ఒకదాని బదులు ఇంకోటి రాసేవాళ్ళు. కె వాడకాన్ని పార్దొ దె తవేరా, హొసే రిసాల్ వంటివాళ్ళు 19వ శతాబ్దం చివర్లో ముందుకు తెచ్చారు. కాబట్టి పాత పుస్తకంలో కె కింద వెతికి దొరకలేదని వదిలేయకండి. సి, హెచ్‌లతో, ఉ బదులు ఒ పెట్టి కూడా చూడండి.

ఏడో మెట్టు: పక్క భాషల్లో సరిచూసుకోవడం

ఫిలిప్పీన్స్‌లో నూటయాభైకి పైగా భాషలున్నాయి. టగాలొగ్‌లో ఉన్నది అన్నిట్లోనూ ఉంటుందనుకోకూడదు. ఉత్తరాన ఇలొకానొలో ముఖాన్ని ‘రూప’ అంటారు. అదీ సంస్కృత రూపమే! పంగసినాన్, కపంపంగన్ భాషల్లో ర ల అయి ‘లూప’ అయింది. టగాలొగ్‌లో మాత్రం ‘లూప’’ అంటే మట్టి, నేల. దానికీ దీనికీ సంబంధం లేదు, చివర గొంతు ఆపు కూడా ఉంది. ముఖం అనే ఒకే వస్తువుకి ఒక దేశంలో రెండు సంస్కృత పదాలు రెండు చోట్ల స్థిరపడ్డాయి.

దేశం మధ్యలోని విసయా ప్రాంతంలో, దక్షిణాన మిందనావో దీవిలోని దావావొలో మాట్లాడే సెబ్వానొలో ముఖం ‘నవొఙ్’. మెడిసిన్ చదవడానికి దావావొ వెళ్ళిన తెలుగు పిల్లలకి ఇది పనికొచ్చే సంగతి. బళ్ళలో ఫిలిపినో నేర్పుతారు కాబట్టి ముక్‌హ’ అన్నా అక్కడ అర్థమవుతుంది. కానీ వార్డులో ఊరి నుంచి వచ్చిన పెద్దావిడతో మాట్లాడేటప్పుడు నవొఙ్ అంటే ఆవిడకి తన భాషలో అడిగినట్టుంటుంది.

సాధనకి మరికొన్ని మాటలు

పద్ధతి పట్టుబడాలంటే ఇంకో మూడు నాలుగు మాటల మీద నడిపించి చూడాలి. ‘గూరొ’’ అంటే టీచర్, గురు శబ్దం. ‘సిగూరొ’ అంటే బహుశా. లోపల గూరొ ఉంది కదా అని గురువు దగ్గరికి పోకండి, అది స్పానిష్ సెగూరొ నుంచి వచ్చింది. చివర గొంతు ఆపు లేదు, చెవికే తేడా తెలుస్తుంది. ‘బలీత’’ అంటే వార్త, సంస్కృత వార్తా నుంచి మలయ్ బెరిత మీదుగా.

చివరిగా ‘పగ్’ఆస’. ఆశ అనే మాట. దీన్ని రాసేటప్పుడు మధ్యలో ఒక అడ్డగీత పెడతారు. ఆ గీత అలంకారానికి కాదు, అక్కడ గొంతు మూయమని చెప్పడానికి. తుపానుల వార్తల్లో వినిపించే ఆ దేశపు వాతావరణ సంస్థ పొట్టి పేరు కూడా ఇదే అక్షరాలతో ఉంటుంది. గీత ఉన్నచోట ఆపి, ఆని సాగదీసి, ‘పగ్’ఆస’ అని పలకండి. ‘పగాస’ అని కలిపేస్తే ఆశ వినబడదు.